దొరబాబు అసలేమన్నాడు

శ్రావణ శుద్ధ విదియ

ఈ ఉదయం ఏకతంత్రి ఫోన్ల కంపెనీకి ఫోన్ చేసి ఓపిక ఉన్నంతసేపు తిట్టాను. హంతకులన్నాను. రెండు శవాలు లేపింది చాలక మూడో మనిషిని బతికుండగానే పూడ్చిపెడుతున్నారన్నాను. కంపెనీ పెట్టినవాడి వంశాన్ని కూడా వదల్లేదు. అవతల అమ్మాయి అంతా విని, "మీ అభిమానానికి మా అందరి తరఫునా ధన్యవాదాలండి. మీలాంటి పెద్దల దీవెనలే మాకు బలం" అంది.

వెటకారమేమో అనుకున్నాను. గట్టు మీద పుట్టినవాడికి మొదట వచ్చే అనుమానం అదే. మావాళ్ళు చిన్న కోపానికి అరుస్తారు, పెద్ద కోపానికి మర్యాద చేస్తారు. 'దయచెయ్యండి' అన్నారంటే ఇక ఆ గుమ్మం తొక్కకూడదని అర్థం. కానీ ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు. నిజంగానే సంతోషించింది. నాకు కాలు నిలవలేదు. మధ్యాహ్నం దాకా వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను.

అమావాస్యనాడు జరిగింది రాసిపెట్టాలి. పత్రికలు రాసినదాన్ని నేను నమ్మను, వాటిని నమ్మేవాళ్ళను అసలే నమ్మను.

సముద్రం పొలాలను మింగినప్పటి నుంచి మేం గట్ల మీదే బతుకుతున్నాం. ఇటు గోదావరి, అటు ఉప్పునీళ్ళు, నడుమ ఒక ఇల్లూ ఒక దారీ పట్టేంత నేల. ఎగువన ఒక లాకు, దిగువన ఒక లాకు. వరద వస్తే, సముద్రం వెనక్కి తీసే పాటు మీద ఉండగా దిగువ తలుపులెత్తి నీళ్ళను వదలాలి. పోటు తిరిగేలోపు దించెయ్యాలి. ఇది తప్పితే మాకు వేరే శాస్త్రం లేదు. అమావాస్యనాడు వరద వచ్చింది. ఎగువ లాకు కాపరి దొరబాబు దిగువ లాకు కాపరి మంగతాయారుకు ఫోన్ చేశాడు. తాయారు తలుపులెత్తలేదు. వెనక్కి తన్నిన నీళ్ళు ఎగువ లాకు గదిని దొరబాబుతో సహా పట్టుకుపోయాయి. గట్టు కోసుకుపోయి ఒక ముసలమ్మ కూడా పోయింది.

తాయారును గట్టు దించాలని పెద్దల దగ్గర ఫిర్యాదు పడింది. త్రయోదశినాడు విచారణ. గట్టు దించడమంటే ఒక పడవ ఇచ్చి నీళ్ళ మీదికి తోసెయ్యడం. ఏ రేవులోనూ కాలు మోపనివ్వరు, ఎవరూ మంచినీళ్ళు పొయ్యరు. అలా దించినవాళ్ళలో రెండో వానాకాలం చూసినవాళ్ళను నేనెరగను.

ఆ ఇద్దరికీ లాకు పని నేర్పింది నేను. లాకుల సూపరింటెండెంటుగా ఉన్న నన్ను, ఫోన్లతోపాటు లాకుల అజమాయిషీ కూడా చేతికొచ్చాక, రిటైరు కాకముందే ఇంటికి పంపింది కంపెనీ. లాకుల మీద సైరన్లు గోల చేస్తున్నాయనీ, తమ ఫోన్ ఉండగా అవి అనవసరమనీ వాళ్ళు చెబితే నేను ఒప్పుకోలేదు. కిందటేడు వరదలయ్యాక సైరన్లు పోయాయి, వాటి వెనకే నేనూ పోయాను. ఆ కాగితం మీద కంపెనీ తరఫున సంతకం పెట్టింది వీరభద్రం. మా ఆవిడకు స్వయానా తమ్ముడు.

శుద్ధ చవితి

కంపెనీ సమాధానం చెప్పింది. కోడి కూయకముందే గట్టంతా చెవి వెనక అంటించుకున్న ఫోన్ బిళ్ళలు మోగాయి. అడగకపోయినా వినిపించే అధికారం వాళ్ళకుంది. దొరబాబు ఆఖరి ఫోన్‌ను అందరికీ వినిపించారు. గొంతు దొరబాబుదే.

"తాయారుగారూ, నమస్కారమండి. ఎగువన నీళ్ళు కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయండి. తమకు తీరుబడైనప్పుడు తలుపులెత్తితే బాగుంటుందేమోనండి."

వెనక సన్నగా వీణ వాయించారు. ఆ తర్వాత ఒక మెత్తటి గొంతు: "సమాచారం స్పష్టంగా, సకాలంలో, మర్యాదగా చేరింది. మృతుల కుటుంబాలకు మా సానుభూతి."

పొద్దెక్కేసరికి పత్రిక కూడా ఇదే అచ్చేసింది. ఆ సంపాదకుడు నా దగ్గర పుస్తకాలు పట్టుకుపోయి తిరిగివ్వనివాడు. చదివి ఉంటే ఇలా రాసేవాడు కాదు కనుక, చదవలేదని ఇప్పుడు రుజువైంది.

నాకు తెలిసిన దొరబాబు ఎవరికీ నమస్కారం పెట్టినవాడు కాడు. తలుపు గొలుసు బిగుసుకుంటే తల్లిని తిట్టేవాడు, వదులైతే తండ్రిని. నేను నేరుగా దిగువ లాకుకు నడిచాను. తాయారు గడప మీద కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఆమె వైపు చూడకుండా బట్టలు ఆరేసుకుంటున్నారు.

"విన్నావా?" అన్నాను.

"ఇన్నానండి సూపర్నెంటుగారూ. ఆ రోజు నాకొచ్చింది కూడా అదేనండి. అచ్చం అదే. ఈణ ఒక్కటే కొత్త."

"మరి తలుపులెందుకు ఎత్తలేదే?"

"ముందు వారం నేను తలుపులు ఆలస్యంగా ఎత్తాను, మీకు తెలుసుగా. ఆ మర్నాడు టీ బంకు దగ్గర వాడు ఏం చేశాడో కూడా చూశారు. దణ్ణం పెట్టి, వొంగి, 'మహారాణీవారికి తీరుబడి అయ్యిందాండి, తలుపులెత్తడానికి ముహూర్తం కుదిరిందాండి' అన్నాడు. గట్టు గట్టంతా నవ్విందండి. వారం రోజులు ఎక్కడ కనపడితే అక్కడ అదే పాట. ఆ పొద్దు మెత్తళ్ళు తోముకుంటున్నాను. ఫోన్ వచ్చింది. మళ్ళీ అదే తీరుబడి, అదే అండి. నా ఒళ్ళు మండిపోయింది."

"నువ్వేమన్నావు?"

"'తమరు సెలవిచ్చాక ఎత్తకుండా ఉంటానా దొరగారూ, ఓ కునుకు తీసి లేచి ఎత్తుతాను' అన్నానండి."

"వాడు?"

"'చాలా సంతోషమండి' అన్నాడు. ఒక్క తిట్టు, ఒక్కటంటే ఒక్కటి తిడితే, చేపలు అక్కడే వదిలేసి పరిగెత్తేదాన్నండి. వాడు తిట్టలేదంటే కొంప మునగలేదని నా లెక్క. ఇన్నేళ్ళూ ఆ లెక్క తప్పలేదు."

ఇంత చిన్న విషయం మహానగరంలో కూర్చుని యంత్రాలు తయారుచేసేవాడికి ఎలా తెలుస్తుంది? వాడి ఊళ్ళో మర్యాద అంటే మర్యాదే కాబోలు.

శుద్ధ షష్ఠి

వీరభద్రం వచ్చాడు. కంపెనీ మీద జనం ఏమన్నా, బదులు చెప్పే ఉద్యోగం వాడిది. అక్క కోసం కజ్జికాయలు తెచ్చాడు. నా కోసం ఒక శాలువా తెచ్చాడు.

"ఏరా భద్రం, శవాల మీద వీణ వాయించమన్న వెధవ ఎవడ్రా?"

"ఒకడు కాదు బావా. అదో కమిటీ."

మా ఆవిడ మహాలక్ష్మి లోపల్నుంచి నవ్వింది. తమ్ముడి మాటకు నవ్విందో నా మాటకు నవ్విందో తెలియలేదు. వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడేళ్ళ క్రితం కంపెనీ 'శ్రావ్యం' అని ఒకటి పెట్టింది. ఫోన్లో చప్పుడు తగ్గిస్తుందన్నారు. నా అనుమానం దాని మీదేనని చెప్పాను.

"మాటలు మార్చం బావా. చప్పుడు తగ్గిస్తాం, అంతే."

"తిట్టు చప్పుడా, మాటా?"

"అది యంత్రం ఎలా అనుకుంటే అలా..." అని ఆగాడు. కజ్జికాయ ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలినంతసేపూ నేను చూస్తూనే ఉన్నాను. "అప్పట్లో జనం ఏమనేవాళ్ళో మర్చిపోయావా? 'మీ ఫోన్లొచ్చాక కొంపల్లో కొట్లాటలు పెరిగాయి' అన్నారు. ఊరేగింపులు తీశారు. మేం విన్నాం, బాగుచేశాం. విమర్శ వినే కంపెనీ మాది."

"మరి ఇప్పటి విమర్శ?"

"అదే చెబుదామని వచ్చాను. అమావాస్య తర్వాత వచ్చిన ఫోన్లన్నీ విన్నాం బావా, ఒక్కటీ వదల్లేదు. పైవాళ్ళే ఆశ్చర్యపోయారు. అందరూ దీవించినవాళ్ళే. కొట్టుకుపోయిన ముసలమ్మ కొడుకు చిట్టెయ్య ఉన్నాడే, కంపెనీ పేరు మీద ఏదో శుభకార్యం చేయిస్తానన్నాడట."

"ఏదో ఒక కర్మ చేయిస్తాననే అనుంటాడు. అది శుభమో కాదో మీ యంత్రం తేల్చుకుంది."

వాడు నవ్వలేదు. ఆ క్షణంలో వాడి మొహం చూశాను. వాడికీ తెలుసు. తెలిసినవాడు తెలియనట్టు ఉండటానికి ఎంత కష్టపడాలో, వాడి మెడ నరాల మీద కనపడింది. శాలువా ఎందుకో అప్పుడు చెప్పాడు. కంపెనీ 'విమర్శకుల మండలి' పెడుతోందట. దానికి నేను అధ్యక్షుణ్ణట.

"నన్నక్కడ కూర్చోబెట్టి ఏం చేస్తార్రా?"

"నువ్వు తిట్టు. మేం వింటాం."

"ఫోన్లోనా?"

"ఫోన్లోనే."

పాతకాలపు రాజులు చెడ్డ వార్త తెచ్చినవాడి తల నరికించేవారని చదివాను. కంపెనీ వాళ్ళు రాజుల కంటే నాగరికులు. మనిషిని ముట్టుకోరు, వార్త తల మాత్రం తీసి పంపిస్తారు. శాలువా వాడి భుజం మీదే వేసి గుమ్మం దాకా సాగనంపాను.

"దయచెయ్యి భద్రంగారూ" అన్నాను.

వాడు గట్టు మీద పుట్టినవాడే. మొహం మాడిపోయింది.

శుద్ధ అష్టమి

సంగతి తేల్చుకుందామని పొద్దున్నే రేవు బజారుకు పోయి అక్కణ్ణుంచి మహాలక్ష్మికి ఫోన్ చేశాను. నిన్నటి పులుసు కుక్క కూడా ముట్టదన్నాను. నీ తమ్ముడు కంపెనీ బూట్లు నాకి బతికే సన్నాసి అన్నాను. పక్కన చేపలమ్మే మనిషి బుట్ట తీసుకుని దూరంగా జరిగింది. నాక్కావలసింది మహాలక్ష్మికి ఏం వినిపించిందన్నదే.

ఇంటికొచ్చి అడిగాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా చెప్పింది.

"పులుసు మళ్ళీ పెట్టమన్నారు. మా తమ్ముడు పనిమంతుడన్నారు. ఎండలో తిరగొద్దని నాకు జాగ్రత్తలు చెప్పారు."

"చూశావా! దొరికాడు దొంగ" అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది.

"మూడేళ్ళ నుంచీ అంతేనన్నమాట" అంది. "ఇంట్లో ఉంటే చిటపటలాడతారు, బయటికెళితే నేను గుర్తొస్తానేమో అనుకునేదాన్ని. మీరు రేవుకెళితే ఏదో ఒక వంక పెట్టి ఫోన్ చేసేదాన్ని. ఉప్పు ఉన్నా ఉప్పు తెమ్మనేదాన్ని."

నిజమే, ఇంట్లో ఉప్పు కుండలు మూడు నిండుగా ఉన్నాయి. నేను తిట్టుకుంటూ మోసుకొచ్చినవే. చదివిన పుస్తకాల్లో ఇలాంటి చోట మనుషులు ఏదో ఒకటి అంటారు. నేను పెరట్లోకి పోయి ఊరికే నిలబడ్డాను.

తనకొచ్చిన తీపిని ఎవరూ కొలిచి చూసుకోరు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు.

సాయంత్రం గట్టు పెద్దల దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను. భార్య సాక్ష్యం చెల్లదన్నారు. పైగా నాకు కంపెనీ మీద పాత పగ ఉందన్నారు. ఉందన్నాను. పగ ఉన్నంత మాత్రాన అబద్ధమవుతుందా అన్నాను. విచారణనాడు మాట్లాడుదువులే అన్నారు.

శుద్ధ దశమి

చేపలమ్మే మనిషి పుణ్యమా అని మాట పాకింది. గట్టు మీద జనం ఒకరింటికొకరు నడిచి వెళ్ళి, నిన్న ఫోన్లో నేనేమన్నాను, నీకేం వినపడింది అని అడుగుతున్నారు. రెండు ఇళ్ళల్లో పెళ్ళి సంబంధాలు తప్పాయి. నలుగురు కలిసి కంపెనీ ఆఫీసుకు పోదామంటే నేనూ వెళ్ళాను.

ముఖాముఖి విమర్శ వినడానికి కంపెనీ కొత్త ఏర్పాటు చేసింది. అద్దాల గది. లోపల ఒక కుర్రది చేతులు జోడించుకుని కూర్చుంటుంది. బయట మనం నిలబడాలి. అద్దం మందం, మాట దాటదు. గోడకున్న ఫోన్లో మాట్లాడాలి.

చిట్టెయ్య మొదట వెళ్ళాడు. వాడి తల్లి ఇంకా దొరకలేదు. ఏమన్నాడో మేమందరం విన్నాం, రాయడానికి నాకే చెయ్యి రావడం లేదు. అద్దం అవతల ఆ పిల్ల మొహం వికసించింది. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. కింద సందులోంచి ఒక మిఠాయి పొట్లం బయటికొచ్చింది.

చిట్టెయ్య ఆ పొట్లం వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల అద్దానికేసి కొట్టుకున్నాడు. పట్టుకుని ఇవతలికి లాగాం.

దారిలో వాడు నాతో అన్నాడు, "సూపర్నెంటుగారూ, ఆ తాయారు దోషం ఉందో లేదో నాకు తెలవదు. నాకెవరో ఒకరు కావాలి. కంపెనీ మీద చెయ్యి పడటం లేదు. ఆవిడ మీద పడుద్ది." అబద్ధం ఆడనివాళ్ళంటే నాకు గౌరవం. కానీ త్రయోదశికి గట్టు మీద అందరి లెక్కా ఇదే అవుతుంది.

దిగువ లాకు దగ్గరికొచ్చేసరికి తాయారు తలుపుల గొలుసులకు ఆముదం రాస్తోంది. విచారణ అయ్యేదాకా తలుపులు ముట్టుకోవద్దని చెప్పారు కదా అన్నాను.

"తలుపులు ముట్టుకోవద్దన్నారండి. గొలుసుల సంగతి చెప్పలేదు" అంది. "పున్నమికి పెద్ద పాటు. పైన వానలు ఆగలేదు. నేనున్నా లేకపోయినా ఎత్తేవాడికి గొలుసు జారాలిగా."

శుద్ధ త్రయోదశి

విచారణ అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను. నాకు గొప్ప వచ్చే చోట కూడా తగ్గించను, తలవంపులొచ్చే చోట కూడా దాచను.

సభ గట్టు మండపంలో. పెద్దల్లో ముఖ్యురాలు రాఘవమ్మ. ఎనభై దాటిన మనిషి, చూపు మందగించింది, చెవులు పాము చెవులు. కంపెనీ తరఫున వీరభద్రం. తాయారును మధ్యలో పీట మీద కూర్చోబెట్టారు. చిట్టెయ్య ఆమెకెదురుగా నిలబడ్డాడు.

దొరబాబు ఫోన్ మళ్ళీ వినిపించారు. వీణ తీసేశారు. విమర్శ విన్నారన్నమాట.

నేను లేచి నా పరీక్ష చెప్పాను. ఒక తలారిని తోడిస్తే ఎగువ లాకు దాకా పోయి రాఘవమ్మగారికి ఫోన్ చేస్తాను. నా నోటివెంట వచ్చింది తలారి వింటాడు. ఇక్కడికి చేరింది సభ వింటుంది. రెండూ ఒకటైతే నన్ను కూడా గట్టు దించండి అన్నాను. వీరభద్రం ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "మాకే అభ్యంతరమూ లేదండి" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. గెలుపు దగ్గర్లో కనపడితే ముసలివాడికి కూడా కళ్ళు మూసుకుపోతాయి.

పడవ మీద ఎగువ లాకుకు పోయాం. అక్కడ గది లేదు, నాలుగు మొండి స్తంభాలున్నాయి. తేడా ఎంత ఎక్కువుంటే రుజువు అంత బలంగా ఉంటుందని లెక్కవేసుకున్నాను. ఎలాగూ అవతల తీపిగానే చేరుతుందన్న ధీమాతో, జీవితంలో పోగుచేసుకున్నదంతా విప్పాను. రాఘవమ్మను ముసలి గబ్బిలమన్నాను. నీ దుంప తెగ అన్నాను. ఆవిడ పెద్దరికాన్ని, పళ్ళ సెట్టును, పోయిన మొగుణ్ణి, పోని తమ్ముణ్ణి, ఎవర్నీ వదల్లేదు. తలారి చెవులు మూసుకున్నాడు.

తిరిగొస్తుంటే పడవలోనే ఈల వేశాను. మండపం మెట్లెక్కేసరికి మహాలక్ష్మి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. వీరభద్రం నేల చూపులు చూస్తున్నాడు.

"తలారీ, అక్కడ ఆయన ఏమన్నాడు?" అని రాఘవమ్మ అడిగింది.

"ఆ మాటలు నేను తమ ముందర అననండి. నాకు పిల్లలున్నారు."

"అక్కర్లేదు. అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ మైకులో వచ్చాయి."

నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క ఫోన్‌కు కంపెనీ శ్రావ్యం తీసేసింది. నా తిట్లు నిండు సభలో నా గొంతుతోనే మోగాయి. నా కళ్ళు తాయారును వెతికాయి. ఆమె పీట మీద రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అప్పుడే పడవలో ఉన్నట్టు కూర్చుని ఉంది.

"కూర్చో గవర్రాజూ" అంది రాఘవమ్మ. "మా అత్తగారు పోయాక ఇన్ని తిట్లు ఒక్క బిగిన నేను వినలేదు. ఒక్క మాట అడుగుతాను. గబ్బిలం ఎందుకన్నావు? నేను తలకిందులుగా ఎక్కడ వేళ్ళాడాను?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆవిడ వీరభద్రం వైపు తిరిగింది.

"భద్రం, మూడేళ్ళుగా ఈ గట్టు పెద్దగా ఉన్నాను. రోజూ నాకు ఫోన్లొస్తాయి. పంపుల నీళ్ళు ఆగినప్పుడు వచ్చాయి, దారి మూసినప్పుడు వచ్చాయి. ఒక్కడూ తిట్టలేదయ్యా. మంచిదాన్నని అనుకున్నాను. ఇవాళ ఈయన తిట్టు నిక్షేపంగా వచ్చింది. నిన్నటిదాకా రానిది ఇవాళెలా వచ్చింది?"

"అది మా బావగారి స్వభావం అండి" అన్నాడు వాడు.

"స్వభావం ఆయనది. దారి నీది. నేనడిగింది దారి సంగతి."

ఆవిడ సభకేసి చూసింది, ఆ మందపు చూపుతో ఎవరు కనపడ్డారో తెలియదు.

"ఈ మూడేళ్ళలో ఫోన్లో ఎవరిచేతనైనా తిట్టు తిన్నవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఫోన్లో ఎవర్నైనా తిట్టినవాళ్ళు ఎత్తండి."

చిట్టెయ్య మొదట ఎత్తాడు. తర్వాత వెనక వరసలో పడవవాళ్ళు. తర్వాత ఆడవాళ్ళు. కాపులు, శెట్టులు, పూజారి, బడిపంతులు. చూస్తుండగా మండపమంతా చేతులే. నా పక్కన మహాలక్ష్మి కూడా ఎత్తింది.

"ఎవర్ని?" అన్నాను.

"మిమ్మల్నే. ఉప్పు ఆలస్యంగా తెచ్చినప్పుడల్లా."

ఇన్నాళ్ళూ ఆ ఫోన్లలో నాకు వినపడిందల్లా 'నిదానంగా రండి' అన్న మాటే.

రాఘవమ్మ మిగతా పెద్దలతో గుసగుసలాడింది. ఎక్కువసేపు పట్టలేదు. తాయారుకు దోషం లేదన్నారు, లాకు ఆమెదేనన్నారు. సైరన్లు మళ్ళీ బిగించాలన్నారు. దొరబాబు నోటివెంట వచ్చిన అసలు మాటలు, ఉన్నవి ఉన్నట్టుగా, పున్నమిలోపు తాయారుకు వినిపించాలని కంపెనీకి చెప్పారు.

చిట్టెయ్య ఆమె ముందు నిలబడే ఉన్నాడు. సభ లేచాక మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పౌర్ణమి

తెల్లవారుతూనే కంపెనీ గొంతు. "వినియోగదారుల సూచనలను ఎప్పటిలాగే గౌరవిస్తూ, 'యథాతథం' అనే కొత్త సదుపాయాన్ని సంతోషంగా ప్రవేశపెడుతున్నాం. కావలసినవారు దరఖాస్తు చేసుకోవచ్చు." చచ్చిన ఇద్దరి పేర్లు లేవు. తాయారు పేరూ లేదు. మన దగ్గర కొట్టేసినదానికే కొత్త పేరు పెట్టి మనకే ఇచ్చారు. సాయంత్రానికి సంపాదకుడు దీన్ని చరిత్రాత్మకం అంటాడు.

తర్వాత వీరభద్రం నడిచి వచ్చాడు. ఫోన్ చెయ్యలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు, అరుగు కిందే నిలబడ్డాడు.

"దొరబాబు అసలు మాటలు లేవు బావా."

"దాచారా, చెరిపారా?"

"రెండూ కాదు. శ్రావ్యం అయ్యాక వచ్చిందే దాస్తారు. ముందుదాన్ని ఎప్పుడూ దాచలేదు. అదెవరికి కావాలి అనుకున్నారు." గొంతు తగ్గించాడు. "ఆ మాట తాయారుకు నేను చెప్పలేను."

వాణ్ణి తిడదామని నోరు తెరిచాను. వాడి అక్క కిటికీలోంచి చూస్తోంది. "మజ్జిగ తాగి వెళ్ళు" అన్నాను. వాడు భయంభయంగా నా మొహంలోకి చూశాడు, వెటకారమేమోనని. కాదని తెలిశాక వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

దిగువ లాకుకు నేనే వెళ్ళాను. సముద్రం పాటు మీద ఉంది, బురద తేలుతోంది. ఎగువ నుంచి ఎర్రనీళ్ళు వేగంగా దిగుతున్నాయి. తాయారు తలుపుల చక్రం దగ్గర నిలబడి నీటి మట్టం చూస్తోంది. సంగతి చెప్పాను. ఆమె ఏడవలేదు. చక్రం చువ్వను కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

"అయితే వాడు నాతో ఆఖరికి ఏమన్నాడో ఇంక తెలవదన్నమాట."

"తెలియదు."

"నాకు నిద్రపట్టడం లేదు సూపర్నెంటుగారూ. కళ్ళు మూస్తే 'తమకు తీరుబడైనప్పుడు' అంటాడు. వాడు పోతూ కూడా నన్ను వెక్కిరించినట్టే ఉంటదండి. అది వాడన్నది కాదని తెలుసు. తెలిసినా చెవిలో అదే ఉంది." నా వైపు తిరిగింది. "మీకు వాడు బాగా తెలుసు. ఏమని తిట్టుంటాడంటారు?"

తెలియదని తప్పుకోవచ్చు. కానీ నాకు తెలుసు. నీళ్ళు మోకాళ్ళకు వస్తే ఏమంటాడో తెలుసు, నడుముకు వస్తే ఏమంటాడో తెలుసు.

"ఒసేయ్ తాయారూ, తలుపులెత్తవే" అన్నాను.

"వాడు ఇంత మెల్లగా అనడండి."

నేను గట్టు అంచుకు పోయి, ఎగువకేసి నిలబడి, గుండె నిండా గాలి పీల్చుకున్నాను.

"ఒసేయ్ తాయారూ! నీ చేపలు తగలెయ్య, నీ మొహం మండ, లెగవే! నీళ్ళు గది తలుపు తన్నేస్తన్నాయి. చెవిటిదానా, బద్ధకం మొహమా, నిన్ను లాకులో పెట్టినోణ్ణి ముందు తన్నాలి. ఎత్తవే తలుపులు! ఎత్తి పైకి పారిపో, అక్కడ నిలబడ్డావంటే కాళ్ళిరగ్గొడతాను. ఎత్తావా? ఇంకా ఎత్తలేదా? ఎత్తవే నీ దుంప తెగ!"

పడవల్లో వాళ్ళు లేచి నిలబడ్డారు. గొంతు పగిలి దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక మళ్ళీ మొదలుపెట్టబోతుంటే, వెనక గొలుసు కదిలిన చప్పుడైంది.

తాయారు చక్రం మీద ఒంటి బరువంతా వేసి తిప్పుతోంది. మొహమంతా నీళ్ళు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తలుపు కింద నుంచి ఎర్రనీళ్ళు బుస్సుమని సముద్రంలోకి దూకాయి. ఆమె నా వైపు చూడటం లేదు, ఎగువకేసి చూస్తోంది.

"ఎత్తుతున్నానెహే" అంది. "అరవమాక."